నాలుగో ప్రశ్న ఖాళీ

మెట్ల పక్క గది,
ఫిబ్రవరి 3

బావా,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మీ చెల్లెలు నాకంటే బాగుంది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. పోయిన నెల చేస్తే రెండో నిమిషంలో నువ్వు పెట్టేశావు. అంతకు ముందు నెల నేను పెట్టేశాను. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు కాబట్టి రాస్తున్నాను. పైగా నీ దగ్గర నాకు కావలసింది కూడా ఒక కాగితమే.

పాత కాయిన్ మెషీన్ల ఆటలకు రికార్డులు నమోదు చేసే సంఘం ఒకటుంది. బతికున్న ఆటగాళ్లను వెతికి పట్టుకుని, సాక్షులను అడిగి, పుస్తకం వేస్తున్నారు. అందులో మన వీడియో గేముల షాపులో ఉండే ‘మంటల మేడ’ కూడా ఉంది. పన్నెండంతస్తుల మేడ అంటుకుంటుంది, జాయ్‌స్టిక్‌తో లిఫ్టు నడిపి కిటికీల్లో చేతులూపే వాళ్లను దించాలి, మంట మనకంటే ముందు చేరితే వాళ్లు పోయినట్టే. ఆ ఆటకు అత్యధిక స్కోరు ఎవరిదని రాశారో తెలుసా? టైలరుది! రోజూ ఐదింటికి మెడలో టేపు కూడా తీయకుండా మన షాపుకొచ్చేవాడే, అతనిది. లక్షా ఎనభై ఎనిమిది వేల మూడు వందలు. ఫోటో ఉందట.

నాది రెండు లక్షల పద్నాలుగు వేల ఆరు వందలు. చూసింది ముగ్గురం. ఆడిన నేను, పక్కన నిలబడ్డ నువ్వు, టోకెన్ల కౌంటర్లో మీ చెల్లెలు. ఆటగాడి మాట, ఆటగాడి భార్య మాట చెల్లవట. మిగిలింది నువ్వు.

నాకు ఫోటో ఎందుకు లేదో వేరే చెప్పక్కర్లేదు. పక్క స్టూడియోకి పరిగెత్తి కెమెరా అతన్ని లాక్కొచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది. నీ చేతిలో ప్లగ్గు ఉంది. “వేడెక్కింది బావా, తీసేశాను” అన్నావు. కరెంటు తీస్తే ఆ మెషీన్లు అన్నీ మర్చిపోతాయని, వాటిని విప్పి బిగించే నీకు తెలియదా? ముప్పై ఎనిమిదేళ్లయింది. ఆ ప్లగ్గు ఇప్పటికీ నా కళ్ల ముందు ఊగుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఎలా ఆడానో నీకు గుర్తుండాలి. మంట ఒక్కో కిటికీ దాటడం నడిచొస్తున్న మనిషిని చూసినంత స్పష్టంగా చూశాను. దాని గురించే కదా నా మొదటి వ్యాసం. మనసు పూర్తిగా నిలిస్తే కాలమే నెమ్మదిస్తుందని రాశాను. ఆ వ్యాసం చూసే పత్రిక వాళ్లు పిలిచి, ‘ముక్కుసూటి’ పేరుతో పదమూడేళ్లు ఆటల మీద శీర్షిక రాయించారు.

ఫారం జత చేశాను. నాలుగే ప్రశ్నలు. స్కోరు కళ్లారా చూశారా? ఆడింది ఒక్కరేనా? ఆట మధ్యలో మెషీన్ ఆగిందా? మెషీన్ ఫ్యాక్టరీ సెట్టింగుల్లోనే ఉందా? ‘అవును, అవును, లేదు, అవును’ అని రాసి సంతకం పెట్టు. జూన్ పది ఆఖరు తేదీ. నీకు ఇదేమంత పని కాదు. నా జీవితంలో నువ్వు తీసేసిన ప్లగ్గును తిరిగి పెట్టే అవకాశం ఇది.

నీ బావ

*

వర్క్‌షాపు,
ఫిబ్రవరి 20

బావా,

ఉత్తరం అందింది. చేతి నిండా పని. ఈ వారం ఆరు వాషింగ్ మెషీన్లు వచ్చాయి, ఆరింటికీ ఒకటే జబ్బు, జేబులో నాణేలు చూసుకోకుండా వేస్తారు జనం. ఒకప్పుడు మెషీన్‌లో నాణెం వేస్తే ఆట మొదలయ్యేది, ఇప్పుడు వేస్తే మెషీన్ ఆగిపోతోంది.

మంటల మేడ పెట్టె ఇంకా ఇక్కడే ఉంది. దాని మీద రంగు డబ్బాలు పెట్టుకుంటున్నాను. లోపల ఎలుక కొరికిన ఒక వైరు మార్చాను, వెలుగుతుంది.

ఫారం చూశాను. నింపుతాను, తొందరేముంది. అయినా ఈ వయసులో నీకు ఆ పుస్తకంలో పేరు ఎందుకు బావా? ఎవరు చదువుతారు? హాయిగా మీ అమ్మాయి కొనిచ్చిన కొత్త గేము పెట్టె మీద ఆడుకో. కళ్లకు పెట్టుకునేది కూడా పంపిందట కదా. చెల్లి ఫోన్లో చెప్పింది. ఎలా ఉంది అది?

మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఉంటాను,
నీ బావ

*

మెట్ల పక్క గది,
మార్చి 4

బావా,

మాట మార్చడంలో నిన్ను మించినవాడు లేడు. సరే, అడిగావు కాబట్టి చెప్తాను.

కొత్త పెట్టె వచ్చిన రోజు పొద్దున పదింటికి తీగలు తగిలించాను. ఆట మొదలైంది మధ్యాహ్నం రెండింటికి. ముందు ఖాతా తెరవాలట. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం ఉండాలట, అంకె ఉండాలట, ఒక గుర్తు ఉండాలట. నా పుట్టిన సంవత్సరం వెతకడానికి చక్రం తిప్పీ తిప్పీ బొటనవేలు వాచింది. తర్వాత అప్‌డేట్. దుకాణంలోంచి ఇవాళే వచ్చిన సరుక్కి అప్పుడే మరమ్మతా? మన రోజుల్లో గేము క్యాసెట్ వెనక దుమ్ము నోటితో ఊది, గూట్లోకి తోస్తే నాలుగు సెకన్లలో ఆట. ఆ ఊదడం వల్ల ఏ లాభమూ లేదని నువ్వు అప్పుడే చెప్పావు, తెలుసు. అయినా ఊదాం. ఆ వస్తువుకు మన ఊపిరి తగిలేది.

ఇక ఆట. మొదలుపెట్టగానే ఎంత కష్టం కావాలని అడుగుతుంది. సులభం, మామూలు, కఠినం. వాటికంటే కింద ఇంకొకటి, ‘నాకు కథ చాలు’ అట. ఎక్కాల్సిన గోడలకు తెల్ల రంగు పూసి ఉంచుతారు, దారి తప్పుతామేమోనని. చచ్చిపోతే పదడుగుల వెనక మళ్లీ నిలబెడతారు. పాతకాలపు విషాద నాటకాల్లో నాయకుడు పొరపాటు చేస్తే తెర పడేది, ఇక్కడ పొరపాటు చేస్తే తుడిచి శుభ్రం చేసి మళ్లీ వేదిక మీదికి తోస్తున్నారు. ఓడిపోవడం తెలియని మనిషికి గెలుపంటే ఏం తెలుస్తుంది? ఈ మాట ముప్పై ఏళ్ల కిందటే రాశాను. సులభం మీట నొక్కి ఆడేవాడు ఆటగాడు కాదు, ప్రేక్షకుడు అని రాశాను. వందమంది తిడుతూ ఉత్తరాలు రాశారు. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేదు.

ఆన్‌లైన్లో కూడా ఆడి చూశాను. మైకులో నా దగ్గు విని అవతల ఎవడో “ఎవరక్కడ, తాతా? పడుకో తాతా” అన్నాడు. వాణ్ని కాల్చేలోపు నన్ను పదకొండుసార్లు కాల్చాడు.

ఇక ఆ హెడ్‌సెట్. కళ్లకు గంతలు కట్టుకుని గదిలో తడుముకోవడాన్ని వర్చువల్ రియాలిటీ అంటున్నారు. నా ముక్కుకు అది సరిగ్గా ఆనదు. కింద సందులోంచి నా చెప్పులు కనిపిస్తుంటాయి. ఎదురుగా పాతాళమంత లోయ, అంచున నా అరిగిన చెప్పులు. ఆరు నిమిషాలకు కడుపులో తిప్పింది. పన్నెండో నిమిషంలో బీరువాను గుద్దాను. మంచి ఆట నీకు ఒక చిన్న గాజు పలక ఇచ్చి, మిగతా లోకమంతా నీ చేతే ఊహింపజేస్తుంది. ఇది లోకమంతా ఇచ్చి ఊహను లాక్కుంటుంది.

మీ చెల్లెలు మాత్రం దాన్ని దించట్లేదు. కుర్చీలో కూర్చుని ఏదో చెరువులో చేపలు పడుతుంది. అది విసుగేస్తే ఎగిరొచ్చే డబ్బాలను రెండు చేతులా కొడుతుంది. “పక్కకు జరగండి, తగుల్తుంది” అంటుంది నన్ను. నా ఇంట్లో నేను గోడవారగా నడుస్తున్నాను.

పుస్తకంలో పేరు ఎందుకని అడిగావు. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. పత్రికలో నా శీర్షిక ఎందుకు ఆగిందో తెలుసా? పదమూడో ఏడు ఒక పాఠకుడు రాశాడు: “అందర్నీ పిరికివాళ్లంటున్న ఈ ముక్కుసూటి ఎప్పుడు ఏం గెలిచాడో చెప్పగలడా?” సంపాదకుడు దాన్ని చుట్టూ గీతలతో పెట్టె కట్టి అచ్చేశాడు. నేను నా స్కోరు రాశాను. రుజువు పంపమన్నాడు. లేదన్నాను. “మరి రుజువు లేని మాట మనం వేయలేం కదండీ” అని నవ్వాడు. రెండు సంచికల తర్వాత నా పేజీలో పొడుపుకథలు వచ్చాయి. పాత సంచికలన్నీ తర్వాత చిత్తు కాగితాలకింద పోయాయి. పదమూడేళ్ల రాతలో మిగిలింది నా అటక మీద ఉన్న ఒక్క కట్ట. ఆ పుస్తకంలో ఒక్క వరుస అచ్చయితే చాలు, నేను అబద్ధం చెప్పలేదని తేలుతుంది. నాకు డెబ్భై ఒకటి. ఇంకో అవకాశం రాదు.

ఫారం పంపు.

నీ బావ

*

వర్క్‌షాపు,
మార్చి 29

బావా,

ఫారం నింపి పంపుతున్నాను. సంతకం పెట్టాను. కళ్లు మసకగా ఉన్నాయి, అక్షరాలు వంకరగా వస్తే ఏమనుకోకు.

సంపాదకుడి సంగతి నాకు తెలియదు. చెప్పి ఉండాల్సింది.

చెల్లిని చేపలు పట్టనీ. దాన్ని చిరాకు పెట్టకు.

నీ బావ

*

మెట్ల పక్క గది,
ఏప్రిల్ 6

బావా,

మొదటి ప్రశ్నకు అవును. రెండో దానికి అవును. మూడోదానికి లేదు. నాలుగోది ఖాళీ!

కళ్లు మసకగా ఉన్నవాడికి మూడు కనిపించి నాలుగోది కనిపించలేదా? సరే మర్చిపోయావేమోనని ఫోన్ చేశాను. “మెషీన్ ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఉందా లేదా” అని అడిగితే, “లైను సరిగ్గా లేదు బావా” అన్నావు. లైను బ్రహ్మాండంగా ఉంది. నీ వెనక ఎవరో స్పానర్ కిందపడేసిన చప్పుడు కూడా వినిపించింది.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి మూడు జవాబులు చాలవా అని అడిగాను. అతను మర్యాదస్తుడు. “నాలుగోదే ముఖ్యమండీ. మిగతా మూడూ దానికోసమే” అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

నీ గురించి నాకు తెలియనిదేముంది? ఆ షాపులో తొమ్మిది మెషీన్లు ఉండేవి. ప్రతి సోమవారం పొద్దున వెనక తలుపులు తెరిచి ఒక్కోదాని సెట్టింగులు చూసి, అట్ట మీద టిక్కు పెట్టేవాడివి. పక్క వీధి షాపువాడు జనం త్వరగా ఓడిపోయేలా మెషీన్లను బిగిస్తున్నాడని తెలిస్తే, “మన దగ్గర ఫ్యాక్టరీ పెట్టిందే ఉంటుంది, బిగించడమూ లేదు వదులు చేయడమూ లేదు” అని గోడ మీద రంగుతో రాయించావు. అలాంటివాడికి నాలుగో ప్రశ్న ముందు నీళ్లు నమలాల్సిన అవసరం ఏమొచ్చింది?

నాకు ఒకటే తోస్తోంది. నేను గెలవడం నీకు మొదటినుంచీ ఇష్టం లేదు. అప్పుడు ప్లగ్గు తీశావు, ఇప్పుడు కలం వెనక్కి తీశావు. ఆ రోజు మెషీన్ వేడెక్కలేదు. వెనక రేకు మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు. ఇన్నేళ్లూ ఈ మాట మింగి ఊరుకున్నాను, మీ చెల్లెలి ముఖం చూసి. ఇక ఊరుకోను. అవునని రాయి, లేదా ఎందుకు రాయవో రాయి. రెండూ చేయకపోతే మన మధ్య ఉత్తరాలు కూడా వద్దు.

—

(‘నీ బావ’ అని రాయబుద్ధి కావట్లేదు.)

*

వర్క్‌షాపు,
మే 2

బావా,

మూడు వారాలు ఆలోచించాను. నువ్వు అడిగిన రెండింట్లో రెండోది చేస్తున్నాను. కూర్చుని చదువు.

మంటల మేడ వెనక తలుపు తెరిస్తే, పచ్చ బోర్డు మీద నాలుగు తెల్ల స్విచ్చులుంటాయి. బియ్యపు గింజంత. మొదటి మూడూ టోకెన్లు, చప్పుడు, బొమ్మ తిరగేయడం. నాలుగోది మంట వేగం. పైకి ఉంటే ఫ్యాక్టరీ వేగం. కిందికి దించితే సగం. ఒక మెలిక ఉంది. ఆడుతుండగా దించితే పనిచేయదు. కరెంటు తీసి, దించి, మళ్లీ ఇవ్వాలి.

ఆ మధ్యాహ్నం అది కిందికి ఉంది.

నేను దించలేదు. చెల్లి దించింది.

నీకు గుర్తుందో లేదో. అంతకు మూడు వారాల ముందు టైలరు నీ స్కోరు దాటాడు. నువ్వు మెషీన్‌ను కాలితో తన్ని, ముఖం మాడ్చుకుని నిలబడితే చెల్లి “పోనీలెండి, ఆటే కదా” అంది. అంతే. మూడు వారాలు దానితో ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడివి. టోకెన్లు కావాలంటే కౌంటర్ మీద వేలితో కొట్టేవాడివి. అది నా దగ్గరకొచ్చి “అన్నయ్యా, ఆ మంట కాస్త నెమ్మదిగా వెళ్లేలా చేయలేవా?” అంది. కుదరదన్నాను. గోడ మీద రాయించిన మాట చూపించాను.

మర్నాడు నేను భోజనానికి వెళ్లాను. తాళం చెవి కౌంటర్లోనే ఉండేది. నేను బోర్డులు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని సోల్డరింగ్ తీగ అందించేది కదా, దానికి అన్నీ తెలుసు. నేను తిరిగొచ్చేసరికి నువ్వు లక్షన్నర మీద ఉన్నావు. స్క్రీన్ ఒక్క క్షణం చూశాను, అర్థమైంది. కౌంటర్ వైపు చూశాను. అది నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. నోరు మూసుకున్నాను.

నువ్వు కెమెరా కోసం పరిగెత్తావు. టైము నాలుగున్నర. ఐదింటికి టైలరు వస్తాడు. ఆ నెమ్మది మంట మీద అతను ఆడితే ఐదు లక్షలు కొడతాడు, రెండు నిమిషాల్లో షాపంతటికీ తెలిసిపోతుంది, నీ పరువుతోపాటు గోడ మీద రాతా పోతుంది. స్విచ్చు పైకి పెట్టాలంటే ప్లగ్గు తీయాలి. తీశాను. వేడెక్కిందని చెప్పాను. నువ్వు రేకు మీద చెయ్యి పెట్టి చూస్తావని అనుకోలేదు.

ఆ తర్వాత నువ్వు ఆ వ్యాసం రాశావు. మనసు నిలిస్తే కాలం నెమ్మదిస్తుందని. అచ్చులో చూసి నేనూ చెల్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇప్పుడు చెప్పేద్దామంది. పత్రికవాళ్లు నిన్ను పిలిచారు. తర్వాత చెప్దామన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు.

నువ్వు గెలవడం నాకిష్టం లేదన్నావు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ ప్లగ్గు నింద మోశాను బావా. ఇంకొంచెం మోయగలను. ఇంకో ఫారం తెప్పించు. నాలుగో ప్రశ్నకు అవునని రాసి సంతకం పెడతాను. నాకు డెబ్భై నాలుగు. ఒక్క అబద్ధంతో కొత్తగా పాడయ్యేదేమీ లేదు. ఏ సంగతీ నువ్వే తేల్చు.

చెల్లిని మాత్రం ఏమీ అడగకు.

నీ బావ

*

మెట్ల పక్క గది,
మే 27

బావా,

ఏమీ అడగకు అన్నావు. అడిగాను. నన్ను పెళ్లిలో మొదటిసారి చూస్తున్నవాడిలా సలహా ఇస్తావేంటి?

నీ ఉత్తరం వచ్చిన రోజు నాలుగుసార్లు చదివి, అటకెక్కి ఆ కట్ట దించాను. మొదటి వ్యాసం తీశాను. ‘ఆ క్షణాన మంట నా కోసం ఆగింది.’ చదువుతుంటే చెవులు వేడెక్కాయి. మంట ఆగింది స్విచ్చు దించితే. దాని మీద ఒక సిద్ధాంతం కట్టాను, సిద్ధాంతం మీద శీర్షిక కట్టాను, శీర్షిక మీద కూర్చుని పదమూడేళ్లు లోకాన్ని తిట్టాను. సులభం మీట నొక్కినవాళ్లను పిరికివాళ్లన్నాను. వాళ్లు నొక్కి ఆడుతున్నామని తెలిసి ఆడారు. నేను తెలియకుండా ఆడాను. వాళ్లే నయం. ఆ వందమందికీ ఇప్పుడు జవాబు రాద్దామంటే చిరునామాలు లేవు.

రెండు వారాలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పాత అలవాటు. మూడో వారం మొదలవుతుందనగా తట్టింది, అప్పుడు కూడా మూడు వారాలేనని.

లేచి వెళ్లాను. మీ చెల్లెలు కుర్చీలో ఉంది, ముఖాన ఆ డబ్బా, చేతులు గాలిలో.

“మంటల మేడ స్విచ్చు నువ్వు దించావా?” అన్నాను.

చేతులు ఆగలేదు. “అన్నయ్య చెప్పేశాడా? ఉండండి, చేప లాగుతోంది” అంది.

“నా బతుకంతా ఒక స్విచ్చు మీద నిలబెట్టావు.”

“నిలబెట్టకపోతే ఏం చేయమంటారు? మూడు వారాలు గోడతో కాపురం చేశాను.”

“అడగొచ్చుగా.”

“ఎవర్ని? గోడనా?”

అప్పుడు డబ్బా తీసింది. కళ్ల చుట్టూ ఎర్రగా అచ్చు పడి ఉంది. “ఆ సాయంత్రం ఇంటికొస్తూ ఏం చేశారో గుర్తుందా?” అంది. ఏముంది, స్క్రీన్ నల్లబడిందని మీ అన్నయ్యను తిడుతూ నడిచుంటాను అన్నాను. “తిట్టారు. దారి పొడుగునా తిట్టారు. నాకే చెప్పారు. మధ్యలో నా చేతిలో సంచి అందుకున్నారు. రెండు వీధులు మోశారు” అంది. నాకు గుర్తు లేదు బావా. స్కోరులో చివరి సున్నా దాకా గుర్తుంది, సంచి గుర్తు లేదు.

“మరి నువ్వెప్పుడూ ఆ మెషీన్ ఆడలేదే?” అన్నాను. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

“పదకొండేళ్లు టోకెన్లు అందించాను. నన్నెప్పుడైనా ఆడమన్నారా?” అంది. మళ్లీ డబ్బా పెట్టుకుంది.

నీ అబద్ధం నాకొద్దు. నిన్ననే కార్యదర్శికి ఉత్తరం వేశాను: నాలుగో ప్రశ్నకు జవాబు ‘కాదు’, ఆ స్కోరు నమోదు చేయవద్దు. ఎవరు మార్చారని అడుగుతాడు కాబట్టి, ఇంటివాళ్లు అని రాశాను. టైలరుకి కూడా రాశాను, రికార్డు నీదేనని. మూడు చిత్తుప్రతులు చింపాను. నాలుగోదాంట్లో కూడా మెడలో టేపు గురించి ఒక ఎత్తిపొడుపు మిగిలింది, తీసేయడానికి మనసొప్పలేదు. సంపాదకుడు ఎక్కడున్నాడో తెలియదు. తెలిస్తే వాడికి మాత్రం రాయను. రుజువు లేదని నవ్వినందుకు వాడిదే పైచేయి అయింది, అది వాడికి తెలియకుండానే పోనీ.

కోపం పోయిందనుకోకు. ప్లగ్గు విషయంలో నువ్వు చేసింది తప్పే. రేకు చల్లగా ఉందని అప్పుడే గట్టిగా నిలదీసి ఉంటే నువ్వు ఆ రోజే చెప్పేసేవాడివి, నేను అందర్నీ అన్ని మాటలు అనేవాణ్ని కాదు. నిలదీయలేదు. అప్పుడు నాకూ ఆ స్కోరు కావాలి మరి.

వచ్చే ఆదివారం ఇద్దరం వస్తున్నాం. రంగు డబ్బాలు దించి మంటల మేడ వెలిగించి ఉంచు. నేను ఆడేటప్పుడు నాలుగో స్విచ్చు పైకే ఉండాలి. తలుపు తెరిచి చూపించాకే మొదలుపెడతాను. తర్వాత మీ చెల్లెలి వంతు. అప్పుడు నేను బయటికెళ్లి వాషింగ్ మెషీన్లు చూస్తూ నిలబడతాను. నువ్వు ప్లగ్గు తీసి, చేయాల్సింది చేసి, మళ్లీ పెట్టు. నేను అడగను.

నీ బావ

*

వర్క్‌షాపు,
జూన్ 9

బావా,

కళ్లజోడు బల్ల మీద మర్చిపోయావు. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, అట్టపెట్టెలో దూది పెట్టాను, జాగ్రత్తగా విప్పు.

ఆదివారం నీ స్కోరు తొమ్మిది వేల వంద. నువ్వు రాసుకోలేదు కాబట్టి చెప్తున్నాను. జాయ్‌స్టిక్ బిగుసుకుపోయిందన్నావు. నువ్వు బయటికెళ్లగానే నూనె వేయబోయి చూశాను, బిగుసుకోలేదు.

చెల్లిది ఇరవై మూడు వేల నాలుగు వందల యాభై. ఇది కూడా చెప్పాలి. నువ్వు బయట నిలబడ్డంతసేపూ నేను చేతులు కట్టుకునే ఉన్నాను. వంగబోతే అది నా చొక్కా పట్టుకుని, “ముట్టుకున్నావంటే చూడు” అంది. స్విచ్చు పైకే ఉంది. ప్లగ్గు తీయలేదు కాబట్టి నీ స్కోరు పోలేదు, చెల్లి దాన్ని దాటి పైకి చేరింది. ఆ డబ్బాలు కొట్టే ఆట వల్ల చేతులు అలా ఆడుతున్నాయేమో. నువ్వు ఆ హెడ్‌సెట్ గురించి రాసినదాంట్లో ఒక పేరా కొట్టేయాల్సి ఉంటుంది.

మెషీన్ పేరు అడిగే చోట చెల్లి ఏమీ కొట్టలేదు. నీ కళ్లజోడు పెట్టుకుని అక్షరాలు వెతికేలోపు టైము అయిపోయింది. పేరుకిచ్చే మూడక్షరాల చోట మూడు గీతలు పడ్డాయి. దానికింద నీ పేరు ఉంది.

మీరు వెళ్లి రెండ్రోజులైంది. మెషీన్ ఇంకా ఆపలేదు. నిన్న మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు మినుక్కుమంది. పనులన్నీ పక్కన పెట్టి దానికి ఇన్వర్టర్ తగిలించాను. ప్లగ్గు మీద అట్ట అంటించి, తీయవద్దని రాశాను.

నీ బావ